సీసా మీద లేని పంట

తెరేసమ్మ కంద చేలో బోర్లా పడిపోయేసరికి, వీపుకి కట్టుకున్న ట్యాంకు నుంచి గడ్డిమందు ఇంకా కారుతూనే ఉంది. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కలుపు తీసే ముఠాకి పెద్ద అమలమ్మ. పరుగున వచ్చి, కొడవలితో పట్టీలు కోసి, ఆమె వీపు మీద కాలవ నీళ్లు గుమ్మరించింది. అప్పటికే చర్మం కమిలిపోయింది.

"చలేస్తంది పిన్నీ," అంది తెరేసమ్మ. ఏటి లంకలో ఎండ నిప్పులు చెరుగుతోంది.

వారం తిరక్కుండా విజయవాడ పెద్దాసుపత్రిలో చనిపోయింది. మందు ఊపిరితిత్తుల దాకా పోయిందన్నారు డాక్టర్లు.

ఆ చేను ఫిలిప్ కౌలుకి చేస్తున్నాడు. వానలకి తుంగ కలుపు కమ్మేస్తే కంకిపాడు కొట్లో మందు తెచ్చాడు. మనిషీ పోయింది, కందా మాడిపోయింది. సమాధుల దొడ్డిలో మట్టి వేసి తిరిగారో లేదో, అమలమ్మ అతని చొక్కా పట్టుకుంది.

"కారే ట్యాంకు దాని వీపుకి కట్టావు. ఏం మందురా అది?"

"కొట్టాయన ఇచ్చిందే అక్కా. ఏ పంటకైనా కొట్టుకోమన్నాడు."

అతన్ని అలాగే కొట్టు దగ్గరికి లాక్కెళ్లింది. ముఠా ఆడవాళ్లంతా వెంట నడిచారు. కొట్టు యజమాని సీసా తిప్పి చూపించాడు.

"కంద అని ఎక్కడుంది దీని మీద? వరిగట్లకనుకుని ఇచ్చాను. ఎందులో కొట్టాడో నాకేం తెలుసు?"

అక్కడి నుంచి వ్యవసాయాధికారి దగ్గరికి పోయారు. ఆయన గొంతు పెంచలేదు.

"కందలో కొట్టడానికి ఏ గడ్డిమందుకీ అనుమతి లేదమ్మా. వరికీ పత్తికీ అయితే కంపెనీలు పరీక్షలు చేయించుకుంటాయి. మీది చిన్న పంట. ఖర్చు పెట్టి ఎవరు చేయిస్తారు?"

"మరి తుంగనేం చెయ్యాలండీ?" అన్నాడు ఫిలిప్.

"అనుమతి లేనిది కొట్టడం మాత్రం నేరం."

"పురుగుమందుకైనా అనుమతుందా?"

ఆయన ఫోను మోగితే లేచి బయటికి పోయాడు.

అమలమ్మ చెయ్యి ఫిలిప్ చొక్కా మీద నుంచి జారిపోయింది. కోపం మాత్రం తగ్గలేదు. అది ఇప్పుడు ఒక్కడి మీద ఆగడం లేదు. పడుకున్నా, కలుపు తీస్తున్నా నిలవనివ్వడం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పందిట్లో కౌలు రైతులూ కలుపు ముఠాలూ కూర్చున్నారు. కౌలు రైతుల సంఘం జోయెల్ లేచి, కందకీ పసుపుకీ సరైన మందులు కావాలని అడుగుదామన్నాడు.

అమలమ్మ మధ్యలోనే లేచింది.

"మందొస్తే మీ చేలు బాగుపడతాయి. మా కూలేమయిద్ది? తెరేసమ్మ పిల్లల్ని అడిగి చెప్పు మందు కావాలని."

"తుంగ గెలిస్తే చేనే ఉండదక్కా. చేను లేకపోతే నీకు కూలెక్కడిది?"

"మీకు పనున్నప్పుడే మేం కనపడతాం."

మాటా మాటా పెరిగింది. ఒకరిద్దరు లేచిపోయారు, బతిమాలితే వెనక్కి వచ్చారు. చివరికి, అంతదాకా తలెత్తని ఫిలిప్ అన్నాడు: "ఇద్దరం ఒక్క చేలోనే చస్తన్నాం. ఒకళ్ల నోరు ఒకళ్లం మూయిస్తే కొట్టాయనకే మంచిది."

పొద్దు వాలేసరికి మాట ఒకటైంది. ప్రభుత్వమే మన చేలల్లో పరీక్షలు చేసి మందు తేల్చాలి. తేలేదాకా ఎవరూ గడ్డిమందు పట్టకూడదు. చేలో కప్పడానికి వరిగడ్డి, కలుపు తీసే చేతియంత్రాలు ముఠాలకే ఇవ్వాలి. తెరేసమ్మ చావుకి అమ్మినవాడూ జవాబు చెప్పాలి.

మర్నాడు మాడిన కంద మొక్కలు మోసుకెళ్లి కంకిపాడు వ్యవసాయ ఆఫీసు గేటు ముందు పోశారు, అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. సీఐ ఒక కాగితం తీసి అమలమ్మ ముందు పెట్టాడు.

"చూసిన సాక్షివి నువ్వేగా. ఫిలిప్ మీద ఫిర్యాదు రాశాం, వేలిముద్ర వెయ్యి. న్యాయం జరుగుద్ది."

అమలమ్మ ఫిలిప్ వైపు చూసింది. అతను లేచి నిలబడ్డాడు.

"నా పేరు తీసెయ్యమని అడగను అక్కా. ట్యాంకు కట్టింది నేనే. నా పేరొక్కటే ఉండకూడదని అడుగుతున్నా."

"రాయండి సార్," అంది అమలమ్మ. "అమ్మినోడి పేరు రాయండి. చేసిన కంపెనీ పేరు రాయండి. మా పంట చిన్నదని వదిలేసిన ఆఫీసు పేరు రాయండి. ఇతని పేరు ఆ కిందెక్కడో రాయండి. అప్పుడేస్తా వేలిముద్ర."

"ఆఫీసు మీద కేసా? నిన్నే లోపలెయ్యాల్సొస్తది."

"ఎయ్యండి."

ఆమెని రెక్క పట్టుకుని వ్యాను ఎక్కించారు. ఫిలిప్‌ని ఎక్కించారు. ముఠా ఆడవాళ్లు తోసుకుంటూ తామే ఎక్కారు. చోటు చాలనివాళ్లు జోయెల్‌తో కలిసి చక్రాల ముందు కూర్చున్నారు. సంతకి వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. వాళ్లలో ఒకామె నెత్తిన దొండకాయల గంపతో ముందుకొచ్చి, జోయెల్‌ని అడిగింది.

"ఏంటి బాబూ గొడవ?"

జోయెల్ జరిగిందంతా చెప్పాడు. ఆమె విని, గేటు లోపల నిలబడ్డ వ్యవసాయాధికారి వైపు తిరిగింది.

"అయ్యా, దొండలో కలుపుకి మందుందా?"

ఆయన గేటుకి గొళ్లెం పెట్టాడు.

"మల్లెకి?" వెనక నుంచి ఇంకొకరు అడిగారు.

"తమలపాకుకి?"

ఆయన సీఐ వైపు చూశాడు. సీఐ డ్రైవర్ని పోనివ్వమన్నాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. దొండకాయలామె కదల్లేదు. గంప దించి, చక్రానికి అడ్డంగా పెట్టింది.

"కాస్త జరగండమ్మా, నన్నూ కూచోనియ్యండి," అంది.