నేను పడను

తాయ్‌చీ యుద్ధవిద్య నేర్పే గెంగ్ గురువు గారి వాకిట్లో గోడకి ఆనించి ఒక పాత పరుపు ఉంటుంది. వానకి తడిసీ ఎండకి ఎండీ అది రంగు పోయి, మధ్యలో మనిషి వీపంత గుంట పడింది. గురువు గారు తోస్తే శిష్యులు ఎగిరి వెళ్ళి పడేది దాని మీదే. పడడంలో ఎవరి తీరు వాళ్ళది. వెల్లుల్లి హోల్‌సేల్ వ్యాపారం చేసే పెద్ద శిష్యుడు దువాన్ ముందు ఎగిరి తర్వాత మూలుగుతాడు. చూ రాన్ చప్పుడు చెయ్యకుండా, అందంగా పడుతుందని పేరు. ఆ మెచ్చుకోలు వింటే రాన్‌కి ఒళ్ళు మండుతుంది.

ఇవాళ ఆమె గురువు గారికి టీ ఇవ్వాలి. మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకి ఆనించి, రెండు చేతులతో కప్పు అందించాలి. ఆయన తాగితే ఆమె ఆ ఇంటి శిష్యురాలు. తాగకపోతే ఇన్నేళ్ళూ పొద్దున్నే వచ్చి పోయిన మనిషి, అంతే. పైగా ఈమె తర్వాత ఇంక ఎవరినీ తీసుకోనని ఆయన ముందే చెప్పేశారు. సాక్ష్యానికి ఊళ్ళోని మిగతా తాయ్‌చీ ఇళ్ళ పెద్దలందరినీ భోజనానికి పిలిచారు. గురువమ్మ తెల్లవారుజాము నుంచీ గాడిద మాంసం సాసేజ్‌లు ఉడకబెడుతోంది. ఆ వాసన ఊరి చుట్టూ ఉన్న కోట గోడ దాటి, కందకం అవతలి రెల్లు దాకా పోతోంది.

టీకి ముందు ఇంకో పని ఉంది. కొత్త శిష్యురాలి ముంజేతి మీద గురువు గారు అరచెయ్యి ఆనించి ఒక్క తోపు తోస్తారు. దాన్ని చెయ్యి అందుకోవడం అంటారు. అందుకున్నవాళ్ళు పరుపు దాకా ఎగరాలని ఎవరూ ఎక్కడా చెప్పలేదు. అందరూ ఎగురుతారు, అంతే.

ఇది ఎలా మొదలైందో రాన్‌కి బాగా తెలుసు. మోకాలి ఆపరేషన్ అయి, నెలల తరబడి మంచాన ఉండి, గురువు గారు మొదటిసారి కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చిన పొద్దు అది. ఆయన దువాన్‌ని తోశారు. ఆ తోపుకి కప్పులో టీ కూడా తొణకదు. కానీ దువాన్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కూలబడ్డాడు. గురువు గారి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. పెద్ద శిష్యుడు నాలుగడుగులు వెళ్తే రెండోవాడు మూడడుగులు వెళ్ళి ఆగుతాడా? వాడు ఐదు వెళ్ళాడు. ఎవరూ అబద్ధం ఆడలేదు, మొహమాటపడ్డారు. కొన్నాళ్ళకి ఆయన ఒక్క వేలితో తొయ్యడం మొదలుపెట్టారు. తర్వాత వరసగా నిలబెట్టి మొదటివాణ్ణి ముట్టుకుంటే చివరివాడు ఎగిరేవాడు. ఈ వసంతంలో అయితే ముట్టుకోకుండానే, గాల్లో చెయ్యి ఊపారు. దువాన్ ఒక్క క్షణం అయోమయంగా చూసి, ఎగిరాడు.

రాన్ కూడా ఎగిరింది. కోల్డ్ స్టోరేజ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని వెల్లుల్లి గదుల ఉష్ణోగ్రత చూసుకోవడం ఆమె ఉద్యోగం. అక్కడ సెన్సర్ తప్పు అంకె చూపిస్తే సరుకంతా మొలకెత్తిపోతుంది. అందుకే సెన్సర్‌తో ఎవరూ మొహమాటపడరు.

వాకిట్లో స్టూళ్ళు వేస్తూ దువాన్ ఆమె మొహం చూశాడు.

"ఏంటే, పెళ్ళికూతురివి కదా ఇవాళ. ఆ మొహం ఏంటి?"

"నేను పడను పెద్దన్నా."

"ఆ, సరేలే. ఆ స్టూలు ఇటు లాగు."

"నిజంగానే చెప్తున్నా. ఆయన తోసినంత వరకే కదులుతా. తొయ్యకపోతే కదలను."

దువాన్ స్టూలు కింద పెట్టాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పిచ్చి పట్టిందా నీకు? ఊరి పెద్దలందరి ముందా? ఆయన తట్టుకోగలడా? ఇంకోసారి మంచం పట్టాడంటే లేచే మనిషి కాదు."

"వచ్చే నెల జిల్లా పోటీల్లో తలపడతానని ఒప్పుకున్నాడుగా. అవతల వచ్చేవాళ్ళకి మన మొహమాటం తెలీదన్నా. వాళ్ళు పడరు. పైగా తోస్తారు."

"అది నేను చూసుకుంటా. ఏదో చెప్పి ఆపేస్తా."

"ఏం చెప్తావ్?"

దువాన్ స్టూలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నీ టీ తాగడు," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసుకుంటావ్."

"పడి తాగిస్తే ఏ కష్టానికి తాగినట్టు?"

"అబ్బో. మాటలు మాత్రం బాగా నేర్చావ్."

ఆమె నేర్చింది నిలబడడం. మొదటి రెండు చలికాలాలూ గురువు గారు ఆమెకి ఒక్క దెబ్బ కూడా నేర్పలేదు. మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు చెట్టుని వాటేసుకున్నట్టు పెట్టి నిలబడమనేవారు. తొడలు వణికేవి. చెమట కనురెప్పల మీద గడ్డకట్టేది. ఆయన పక్కనే పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కూర్చుని, మధ్యలో వచ్చి భుజం మీద వేలు పెట్టేవారు. "బలం రాకముందే కదిలావు, అది భయం," అనేవారు. ఇంకోసారి పెట్టి, "ఇప్పుడు వచ్చినా కదల్లేదు, ఇది మొండితనం. చర్మంతో వినాలి. ఎంత వచ్చిందో అంత." వినడం వచ్చేటప్పటికి ఆమె చెప్పులు రెండు జతలు అరిగాయి. ఆ వినే ముంజేతిని పెట్టుకుని, తర్వాతి ఏళ్ళన్నీ ఏమీ వినపడకపోయినా ఎగురుతూ వచ్చింది.

పెద్దలు వచ్చారు. దక్షిణ ద్వారం వీధి నుంచి వచ్చిన వాన్ తాత ముందు వరసలో కూర్చుని, పరుపు వైపు చూసి మీసంలో నవ్వుకున్నాడు. గురువు గారు తెల్లటి పట్టు చొక్కాలో వచ్చి వాకిలి మధ్య నిలబడ్డారు. రాన్ ఎదురుగా నిలబడి ముంజెయ్యి అడ్డం పెట్టింది. పరుపు పక్కన దువాన్ ఆమెని పట్టుకోవడానికి చేతులు చాపి ఉన్నాడు.

గురువు గారు అరచెయ్యి ఆనించారు. వెచ్చగా, తేలిగ్గా ఉంది. మణికట్టు చిన్నగా విదిలించారు.

రాన్ నిలబడే ఉంది.

ఆయన చెయ్యి తియ్యలేదు. ఈసారి ఊపిరి బిగించి, కళ్ళు పెద్దవి చేసి విదిలించారు. స్టూళ్ళ మీద ఎవరో దగ్గారు. "పడవే," అన్నాడు దువాన్, పళ్ళ మధ్య నుంచి.

మూడోసారి కూడా ఏమీ కాలేదు.

"ఎందుకు పడలేదు?" అని అడిగారు గురువు గారు. కోపంగా కాదు. అన్నం ఎందుకు తినలేదు అన్నట్టు అడిగారు.

రాన్ చూపు దించలేదు. "మీరు తొయ్యలేదు గురువు గారూ."

ఆయన మొహం ఎర్రబడింది. కాలు ముందుకి వేసి, భుజం కలిపి, ఒంట్లో ఉన్నదంతా పెట్టి తోశారు. రాన్ వెనక కాలు అర అడుగు జరిగి ఆగింది. "ఇది వచ్చింది," అంది ఆమె. "ఇంతే వచ్చింది."

వంటింటి గుమ్మంలో గురువమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"దువాన్, ఇలా రా."

దువాన్ వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. గురువు గారు ఈసారి అతని మొహం చూడలేదు. తన అరచేతినే చూసుకుంటూ, విదిలించారు. దువాన్ ఎప్పట్లాగే ఎగిరి పరుపు మీద పడి మూలిగాడు. గురువు గారు చెయ్యి అలాగే గాల్లో ఉంచి నిలబడ్డారు. ఊరికి వినడం నేర్పిన చెయ్యి అది. అవతలి ఒళ్ళు తన తోపుకి ఎగిరిందో, దానంతట అదే ఎగిరిందో తెలుసుకోవడానికి ఇన్నేళ్ళూ దాన్ని ఎవరూ ఆగనివ్వలేదు. ఆయన ఇవాళ ఆగారు.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

వాన్ తాత నవ్వడం మానేశాడు. గురువు గారు పెద్దల వైపు తిరిగి, భోజనానికి లేవండి, చల్లారిపోతుంది అన్నారు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ లోపలికి వెళ్ళారు. ఆయనా లోపలికి వెళ్ళి తన గది తలుపు వేసుకున్నారు.

రాన్ వాకిలి మధ్య మోకాళ్ళ మీద కూర్చుంది. తల నేలకి ఆనించి లేచి, టీ కప్పు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంకా ఏం మిగిలిందని?" అన్నాడు దువాన్. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆ మనిషిని చంపేశావ్. లే. ఇంటికి పో."

"నువ్వు కూర్చోబెట్టలేదు, నువ్వు లేపకు."

"నోరు చూడు దీనికి."

"పడడం మానేశాగా. నాకు నోరొక్కటే మిగిలింది."

ఎండ గోడ మీద నుంచి దిగి ఆమె వీపు మీదికి వచ్చింది. గురువమ్మ బయటికి వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "వాడు పడ్డ మొదటి రోజే నాకు తెలుసు," అంది, దువాన్ వైపు గరిటె చూపిస్తూ. "నేనూ చప్పట్లు కొట్టాను. ఏం చెయ్యను, ఆ రోజు రెండు గిన్నెల నూడుల్స్ తిన్నాడు." కప్పు వైపు చూసి, "చేతులు లాగట్లేదా?" అని అడిగింది.

"లాగుతున్నాయి."

"దించు మరి."

"దించను."

తలుపు తెరుచుకుంది. గురువు గారు పట్టు చొక్కా విప్పేసి పాత బనీనుతో వచ్చారు. ఆమె ఎదురుగా నిలబడ్డారు.

"ఆ టీ నేను తాగలేను. నేర్పేవాడికి వచ్చి ఉండాలి కదా."

"మీకొచ్చు. వచ్చు కాబట్టే నేను నిలబడ్డాను. నిలబెట్టింది ఎవరు?"

"నాకు తోపు లేదని నువ్వే చూపించావు."

"లేకపోతే మళ్ళీ సంపాదించుకోండి. మీరు తాగకపోతే రేపు పట్టుకొస్తా. ఎల్లుండి కూడా పట్టుకొస్తా. గేటు వేసుకుంటే వీధిలో నిలబడతా."

"మొండితనం అంటే ఇదే. ఇదా నేను నేర్పింది?"

"ఇది నా సొంతం," అంది రాన్.

గురువమ్మ పకపకా నవ్వి, నోటికి కొంగులా అప్రాన్ అడ్డం పెట్టుకుంది. గురువు గారు నవ్వలేదు. "లేచి నన్ను తొయ్యి," అన్నారు. "నిజంగా."

రాన్ కప్పు కింద పెట్టి లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఆయన అడ్డం పెట్టిన ముంజేతి మీద అరచెయ్యి ఆనించి, నేల నుంచి బలం తీసుకుని తోసింది. ఆయన రెండడుగులు వెనక్కి తూలి, వాకిట్లో పరిచిన ఇటుకల మీద కూలబడ్డారు. దువాన్ పరిగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకు," అన్నారు గురువు గారు. తనే చేతులు ఆనించుకుని లేచారు. మోచెయ్యి గీసుకుపోయి రక్తం వస్తోంది.

"మళ్ళీ."

మళ్ళీ తోసింది. మళ్ళీ తూలారు, ఈసారి పడలేదు. మూడోసారి ఆమె తోపు మొదలవుతుండగానే ఆయన మోచెయ్యి కిందికి దిగింది. చేతికి ఆనిన ఆసరా కాస్తా లేకుండా పోయి రాన్ ఒక అడుగు ఎక్కువ ముందుకి వేసింది. ఒక్క అడుగే. ఇద్దరూ ఆ అడుగు వైపు చూశారు.

ఆయనకి ఆయాసం వస్తోంది. నేల మీది కప్పు తీసుకుని గడగడా తాగేశారు. బనీనుతో మూతి తుడుచుకున్నారు.

"ఇది తాగినట్టేనా?" అని అడిగింది రాన్.

"దాహం వేసింది, తాగాను."

"నేను అడిగింది అది కాదు."

"నీ టీ కాక ఎవరి టీ తాగాను ఇక్కడ?" అని కసిరి, ఆయన పరుపు వైపు చూశారు. "దాన్ని ఎవరైనా పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యండి. దువాన్, నువ్వు రా. నన్ను తొయ్యి."

"గురువు గారూ, మీ మోకాలు..."

"మోకాలు నాది."

దువాన్ వచ్చి నిలబడ్డాడు. లోపలి నుంచి పెద్దలు చాప్‌స్టిక్స్ పట్టుకునే గుమ్మంలోకి వచ్చారు. అరచెయ్యి గురువు గారి ముంజేతి మీద ఆనించాడు. తోశాడు, తొయ్యనట్టు.

"గట్టిగా," అంది రాన్.

"నువ్వు ఊరుకో," అన్నారు గురువు గారు, దువాన్ మీంచి చూపు తిప్పకుండా. పాదాలు ఇంకాస్త దూరం జరిపారు. "ఏం, వినపడలేదా? గట్టిగా."