సోఫాలో గుంత

కోడుమూరులో ఓబులేసు పంచాయితీ చెప్పాడంటే అది తెగిపోయినట్టే లెక్క. గట్టు జరిపారన్నా, గొర్రెలు చేలో పడ్డాయన్నా, పెళ్లిలో మర్యాద తగ్గిందన్నా రెండు పక్షాలవాళ్లూ ఆయన ఇంటికే వచ్చేవాళ్లు. ముందు గదిలోని పొడుగు సోఫాలో ఈ కొసకొకరు, ఆ కొసకొకరు ముఖాలు తిప్పుకుని కూర్చునేవాళ్లు. ఓబులేసు ఎదురుగా చెక్క కుర్చీ వేసుకుని, మీసం ఒకసారి దువ్వుకుని, మొదలుపెట్టేవాడు. గంటా గంటన్నర తిరిగేసరికి వాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచేవాళ్లు. పదిహేనేళ్లుగా ఇదే వరస.

ఇదంతా తన నోటి చలవేనని ఓబులేసు నమ్మకం. తనంత మాటకారి ఈ చుట్టుపక్కల లేడని తనంతట తాను ఎన్నడూ చెప్పుకోలేదు గానీ, ఎవరైనా అంటే మాత్రం అడ్డుపడేవాడు కాదు. అంతకు ముందు అరుగు మీద పంచాయితీలు చేసిన రోజుల్లో సగానికి సగం కొట్లాటలుగా మారిన మాట నిజమే. అప్పటికి తనకు అనుభవం చాలలేదని సరిపెట్టుకున్నాడు.

ఆ సోఫాను కూతురు సుప్రజ పెళ్లప్పుడు కర్నూలు నుంచి తెప్పించాడు. మూడు నెలలు తిరగకముందే నడుమ కుంగింది. ఆ తర్వాత ఏటేటా ఇంకొంచెం కుంగుతూ, చివరకు దాంట్లో కూర్చున్న మనిషి మోకాళ్లు గడ్డానికి తగిలే స్థితికి వచ్చింది. కొసన కూర్చున్నవాళ్లు కూడా అంగుళం అంగుళం జారి నడుమ గుంతలోకే చేరేవాళ్లు. ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవడం ఎవరి తరమూ కాదు. బాగు చేయిద్దామని ఓబులేసు ఎప్పుడు అన్నా, ఆయన భార్య కృష్ణవేణమ్మ ఒకటే మాట అనేది.

"ఉండనీలేయ్యా. దాని పని అది చేస్తాండాది."

గుంతకు పనేమిటో ఓబులేసుకు అర్థమయ్యేది కాదు. ఆడవాళ్లకు పాత సామాన్ల మీద మమకారం జాస్తి అనుకుని ఊరుకునేవాడు.

పోయిన నెలలో వేంపల్లె నుంచి వియ్యంకుడు వచ్చాడు. మనిషి భారీ, నోరు అంతకన్నా భారీ. వచ్చీ రావడంతోనే ధబీమని సోఫా నడుమ కూర్చున్నాడు. కూర్చోవడం ఆయన చేతిలో పనే గానీ లేవడం కాలేదు. ఓబులేసు ఒక చెయ్యి, ఆయన కారు డ్రైవరు ఒక చెయ్యి పట్టుకుని లాగితే అప్పటికి బయటపడ్డాడు.

"ఏమి బావా, అందరూ చేన్లో బోరు ఏపిస్తే నువ్వు ఇంట్లోనే ఏపించినావే! నీళ్లు పడినాయా?" అన్నాడు పంచె సర్దుకుంటూ.

అంతటితో ఆగితే ఏ గొడవా లేదు. ఫోనులో గుంతను ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. వేంపల్లెలో సగం మంది, కడపలో నలుగురు పడీ పడీ నవ్వుతున్న బొమ్మలు పంపారు. పదిమందికి బుద్ధి చెప్పే మనిషి ఇంట్లో సోఫా ఇట్లా నవ్వులపాలయ్యేసరికి ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

కర్నూలు అంగడికి ఫోను చేస్తే, దాన్ని పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. ఓబులేసుకు రోషం వచ్చింది. వయసులో ఉన్నప్పుడు నవారు మంచాలు అల్లిన చేతులివి. ఆయన అల్లిన మంచం మీద పెళ్లివారు నలుగురు ఎగిరి దూకినా అంగుళం కుంగలేదని వాళ్ల నాయన అందరికీ చెప్పుకునేవాడు. మంచమైతేనేమి, సోఫా అయితేనేమి, కింద బిగువు ఉంటే పైన మనిషి నిలుస్తాడు. నవారు రెండు చుట్టలు, చిన్న మొలలు ఒక పొట్లం తెచ్చి, సోఫాను ముందు గదిలోనే బోర్లా పడేశాడు.

అడుగు గుడ్డ చింపగానే ముందు దుమ్ము, తర్వాత సామాను రాలాయి. దువ్వెనలు రెండు, పెన్నులు ఐదారు, ఎవరిదో బస్సు టికెట్టు, వక్కపొడి పొట్లాలు, కృష్ణవేణమ్మ మూడేళ్లుగా వెతుకుతున్న కళ్లద్దాలు. అన్నిటికన్నా వింత, చిన్న చెవి మిషను ఒకటి.

"ఇది సుంకప్పది కదా!" అంది కృష్ణవేణమ్మ. "రెండేండ్ల కింద దారి పంచాయితీకి వచ్చినప్పుడు పోగొట్టుకున్యాడు. ఊరంతా దేవులాడె పాపం."

ఓబులేసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజు సుంకప్ప తాను చెప్పిన ప్రతి మాటకూ బుద్ధిగా తల ఊపిన సంగతి ఆయనకు బాగా గుర్తు. ఎంత మూర్ఖుణ్ణయినా తన మాట కరిగిస్తుందనడానికి ఆ పంచాయితీనే ఉదాహరణగా చెబుతుంటాడు. మిషనును గుడ్డతో తుడిచి అలమారలో పెట్టాడు.

రెండు రోజులు నడుం వంచి పని చేశాడు. సాగిపోయిన స్ప్రింగులు పీకేశాడు. నవారును నీళ్లలో నానబెట్టి, చట్రానికి కాలు తన్నిపెట్టి లాగి, ఒక్కో పట్టెకూ నాలుగేసి మొలలు కొట్టాడు. నిలువు పట్టెల మీదా కిందా అడ్డ పట్టెలు దూర్చి మంచం అల్లినట్టే అల్లాడు. తడి నవారు ఆరేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. రాయలసీమ ఎండకు అది ఎంత బిగుసుకుందంటే, మూడోనాడు వేలితో మీటితే డప్పు మోగినట్టు మోగింది. పైన స్పాంజి పరిచి, గుడ్డ బిగించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. వేంపల్లె నుంచి బొటనవేలు బొమ్మ ఒక్కటే వచ్చింది. ఆ రాత్రి ఓబులేసు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

"శానా బిర్రుగా అయింది," అంది కృష్ణవేణమ్మ కూర్చుని చూసి. అది మెచ్చుకోలని ఆయన అనుకున్నాడు.

సోమవారం పొద్దున అన్నదమ్ములిద్దరు వచ్చారు. అన్న శేషన్న, తమ్ముడు వీరభద్ర. ఇద్దరికీ చెరి మూడెకరాల ఎర్రగడ్డ, అంటే ఉల్లి పంట. రెండు చేలకూ నడుమ గట్టు మీద తండ్రి వేయించిన బోరు ఒక్కటే. ఎవరు ఎన్ని గంటలు నీళ్లు పెట్టుకోవాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. శేషన్న స్టార్టరు పెట్టెకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తాళం వేయకముందే వీరభద్ర దాంట్లోంచి ఒక ఫ్యూజు పీక్కుని తన జేబులో వేసుకున్నాడు. అన్న దగ్గర తాళంచెవి ఉన్నా ఫ్యూజు లేదు, తమ్ముడి దగ్గర ఫ్యూజు ఉన్నా తాళంచెవి లేదు. మోటారు నిలిచి నాలుగు రోజులైంది. గడ్డ ఊరే సమయం. ఇంకో నాలుగు రోజులు నీళ్లు లేకపోతే ఆరెకరాలూ ఎండి, రెండు కుటుంబాలూ రోడ్డున పడతాయి.

ఇద్దరూ సోఫా ఆ కొసా ఈ కొసా కూర్చున్నారు. నిటారుగా కూర్చున్నారు. నడుమ ఇంకో మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత జాగా మిగిలింది. ఓబులేసు మీసం దువ్వుకుని, "సూడండప్పా, ఒక కడుపున పుట్టినోళ్లు..." అని మొదలుపెట్టాడు.

"ఒక కడుపున పుట్టినోడు ఫ్యూజు పీక్కపోతాడా?" అన్నాడు శేషన్న.

"తాళం ఏసినోడు అన్న అయితాడా?" అన్నాడు వీరభద్ర.

శేషన్న దిగ్గున లేచాడు. కొత్త నవారు కూడా తన వంతుగా ఒక తోపు తోసింది. ఓబులేసు నోట్లోంచి రెండో వాక్యం వచ్చేలోపు శేషన్న గేటు దాటాడు.

మంగళవారం మళ్లీ పిలిపించాడు. ఈసారి వీరభద్ర ముందు లేచాడు. బుధవారం ఇద్దరూ ఒక్కసారే లేచారు, చెప్పుల దగ్గర ఎవరు ముందన్న దానికి ఇంకో గొడవ. ఓబులేసు దగ్గర చెప్పడానికి మాటలు లేక కాదు. గంటకు సరిపడా ఉన్నాయి. వినడానికి మనుషులే నిలవడం లేదు. "ఓబులేసన్న మాటలో పస తగ్గినట్టుండాదే," అని టీ అంగడి దగ్గర ఎవరో అన్నారట. అది ఆయన చెవిన పడింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

కృష్ణవేణమ్మ ఇంక ఊరుకోలేకపోయింది.

"నీ మాటకేం కాలేదు. సోఫాకు అయింది."

"సోఫాకు, పంచాయితీకి ఏం సమ్మంధమే?"

"ఇన్నేండ్లూ వంటింటి గడపలో కూసోని సూస్తాండా గదా. మొదుట్లో ఎవరికైనా కోపం వస్తాది, లేసి పోదామనుకుంటారు. లేసేకి కాదు. రెండుసార్లు లేస్తారు, రెండుసార్లు పడతారు. అంతలోకి ఆయప్ప భుజం ఈయప్పకు తగుల్తాది, నవ్వొస్తాది. ఆకరికి ఒకరు చెయ్యిస్తే గానీ ఇంకొకరు లేసేకి కాదు. చెయ్యి ఇచ్చినాక ఇంగ కొట్లాట యాడిది?"

"అయితే పదిహేనేండ్లు నేను మాట్లాడిందంతా గాలికి పోయిందంటావా?" ఓబులేసు గొంతు పెరిగింది.

"గాలికని ఎవరన్న్యారు? బాగనే మాట్లాడతావు. అయితే వినేకి మనిషి ఈడ ఉండల్ల గదా. పట్టుకోనింది నువ్వు కాదు, ఆ గుంత."

ఓబులేసు విసురుగా లేచి పెరట్లోకి వెళ్లాడు. కాదని రుజువు చేయడానికి తాను గెలిచిన పంచాయితీలన్నీ ఒక్కొక్కటే తలచుకున్నాడు. గొర్రెల పంచాయితీలో గొర్రెల ఆసామి మూడుసార్లు లేవబోయి చేను ఆసామి ఒళ్లో పడ్డాడు. గట్టు పంచాయితీలో ఇద్దరూ ఇరుక్కుపోయి, ఒకడి తుండుగుడ్డ ఇంకొకడి కిందికి పోయి, దాన్ని లాగలేక నవ్వారు. సుంకప్ప సంగతి తలుచుకోకుండానే అలమార గుర్తొచ్చింది. ఆయనకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన నిలబడి పై కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

కానీ అవతల ఎర్రగడ్డ ఎండుతోంది. తన మీసం సంగతి తర్వాత చూసుకోవచ్చు, మడి ఆగదు. లోపలికొచ్చి సోఫాను మళ్లీ బోర్లా తిప్పి, పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు.

తాను కొట్టిన మొలలు తానే పీకడం కొట్టినదానికన్నా కష్టమైంది. నడుమ పట్టెలు ఒక్కొక్కటే వదులు చేసి మళ్లీ బిగించాడు. చేసినప్పుడల్లా కృష్ణవేణమ్మ కూర్చుని చూసేది.

"ఇంగొంచెం," అనేది. "ఇంగొంచెం వదులు." చివరకు ఒకసారి కూర్చుని, లేవబోయి, లేవలేక చెయ్యి చాపింది. "ఇంగ సాలు."

గురువారం అన్నదమ్ములకు కబురు పంపింది కృష్ణవేణమ్మే. పంచాయితీ ఏమీ లేదు, కాఫీ తాగిపొండి అంది. ఆమె మాట తీసేయలేక వచ్చారు. ఆ కొసా ఈ కొసా కూర్చున్నారు. ఓబులేసు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు గానీ మీసం మీదికి చెయ్యి పోలేదు. ఏం మాట్లాడదామన్నా అదంతా ఉత్తదే కదా అనిపించి నోరు తెరుచుకోలేదు.

కాఫీ సగమయ్యేసరికి ఇద్దరికీ నడుమ జానెడు జాగా మిగిలింది. గ్లాసు కింద పెట్టేసరికి అదీ లేదు.

"నన్ను తోస్తాండావేంరా?" అన్నాడు శేషన్న.

"నేను యాడ తోస్తినన్నా, నువ్వే మీద పడతాండావు!"

శేషన్న కోపంగా లేవబోయాడు. సగం లేచి, ధబాలున తమ్ముడి తొడ మీద పడ్డాడు. వీరభద్ర అబ్బా అని తానూ లేవబోయి అన్న భుజం మీద వాలాడు. మళ్లీ లేచారు, మళ్లీ పడ్డారు. ఆ పెనుగులాటలో టంగుమని ఏదో చప్పుడైంది. శేషన్న జేబు తడుముకున్నాడు. తాళంచెవి లేదు. వీరభద్ర తడుముకున్నాడు. ఫ్యూజు లేదు. రెండూ సోఫా సందులోకి జారిపోయాయి.

ఇద్దరూ ఒకే సందులో చేతులు దూర్చి మోచేతుల దాకా వెతికారు. శేషన్న చేతికి ఫ్యూజు దొరికింది. వీరభద్ర చేతికి తాళంచెవి దొరికింది. ఎవరి చేతిలోది వాళ్లు చూసుకున్నారు. తాళంచెవికి ఇంకా తండ్రి కట్టిన నల్లదారమే ఉంది. వీరభద్ర దాన్ని బొటనవేలితో రుద్దాడు.

"నాయన ఉన్నప్పుడు మోటరు ఎవరు ఏస్తాండ్రిరా?" అన్నాడు శేషన్న.

"నువ్వే గదన్నా. నేను చేన్లో నీళ్లు తిప్పి మడవ కడ్తాంటి."

"మరి ఇప్పుడేమొచ్చింది మనకు?"

వీరభద్ర తాళంచెవి అన్న అరచేతిలో పెట్టాడు. ఒకరోజు నీ చేను, ఒకరోజు నా చేను, మోటారు నువ్వు వెయ్యి, రెండు చేలకూ మడవ నేను కడతానన్నాడు. శేషన్న సరేనన్నాడు. మొదట చిన్నవాడి చేనుకే నీళ్లు పెడదామని కూడా అన్నాడు. తర్వాత ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఊపు తెచ్చుకుని, మూడో ప్రయత్నంలో లేచారు.

గేటు దగ్గర శేషన్న వెనక్కి తిరిగి దండం పెట్టాడు. "నీ మాటంటే మాటే ఓబులేసన్నా!"

ఓబులేసుకు అబద్ధం మింగుడుపడలేదు. "నేను నోరే తెరవలేదు గదప్పా ఈపొద్దు," అన్నాడు.

"అదే గదన్నా పెద్దరికం!" అన్నాడు వీరభద్ర కళ్లు పెద్దవి చేసుకుని. "ఒక్క మాట మాట్లాడకుండా తెంపితివి. ఊర్లో చెప్తే నమ్మరు."

వాళ్లు వెళ్లాక ఓబులేసు తన చెక్క కుర్చీ వైపు చూశాడు. పదిహేనేళ్లలో దాన్ని వదిలి సోఫాలో కూర్చున్న గుర్తే లేదు ఆయనకు. వెళ్లి కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కృష్ణవేణమ్మ కాఫీ తెచ్చి ఆ కొసన కూర్చుంది. కాఫీ అయ్యేసరికి ఇద్దరూ నడుమకు చేరారు.

"ఇంత తెలిసి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే?" అన్నాడు ఓబులేసు.

"చెప్తే రోషానికి దాన్ని బాగు చేస్తావని," అంది ఆమె.

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేవబోయి, ఆయన మీద పడింది. ఆమెను లేపుదామని లేవబోయి ఆయన కూడా పడ్డాడు.

"ఇప్పుడు మనల్ని లేపేది ఎవరయ్యా?"

"ఎవరో ఒకరు కొట్లాడుకోని రాకపోతారా," అన్నాడు ఓబులేసు. "అంతదాంక కూసో."