మూడంకాల తల్లి

మా నాటక సమాజంలో ఎవరికి ఏ వేషమో కాగితం మీద రాసి గోడకు అంటించరు. ఒకప్పుడు అంటించేవారట. ఆ కాగితం కిందే జుట్లు పట్టుకుంటున్నారని మానేశారు. కొత్త సీజను నాటకాలు ఖాయం కాగానే దర్శకుడు వేషాల సంగతి ఒక్క మనిషికే చెబుతాడు, కుట్టుగది చూసుకునే మా వదినకు. ఆవిడ టేపు మెడలో వేసుకుని బయలుదేరుతుంది. ఎవరి భుజం మీద టేపు పడితే వాళ్ళకు వేషం ఉన్నట్టు. పడనివాళ్ళు ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకోవలసిందే.

ఈసారి నాలుగు నాటకాలు. థియేటరు ముందు బోర్డు కూడా కట్టేశారు. ఒక హాస్యం, ఒక రాజుల కథ, ఒక హత్య, ఒక ఇంటి కథ. హాస్యంలో అంతా కుర్రకారే. రాజుల కథలో అస్తమానం మెట్లెక్కి దిగాలి. హత్య జరిగే చోట ఆడమనిషే లేదు. నాకు మిగిలింది ఇంటి కథ. దాన్ని టైపు చేసిన గుమాస్తాను పట్టుకుని అడిగితే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అందరి నోటా తల్లేనమ్మా అన్నాడు. ఇక నా ఆశకు హద్దుందా? తల్లి వేషాలు వేసీ వేసీ, ఇక్కడ సగం మందికి నన్ను అమ్మా అని పిలవడం అలవాటైపోయింది.

నా మోకాలి సంగతి కూడా చెప్పాలి. పోయిన సీజను చివరి ప్రదర్శనలో అది నన్ను నిలువునా ముంచింది. స్టేజీ మీద కూలబడ్డాను. జనం నటన అనుకుని చప్పట్లు కొట్టారు. పక్కతెర చాటున నిలబడ్డ దర్శకుడు మాత్రం కొట్టలేదు. వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. మాట ఎక్కడ విరవాలో, స్టేజీ మీద ఎలా నడవాలో నేనే చెప్పాను. ఇప్పుడు ఏకు మేకై కూర్చున్నాడు.

ఒక్కొక్కరికీ టేపు పడుతూనే ఉంది. నిన్నగాక మొన్న చేరిన పిల్లకు రెండు నాటకాలకు పడింది. నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తలుపు చప్పుడైతే చాలు, కుంటుకుంటూ పరుగు. నీకిక విశ్రాంతి కావాలే అన్నారు మా ఆయన. పోయాక బోలెడంత విశ్రాంతి, ఇప్పుడెవరిక్కావాలి? ఒళ్ళు మండి ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. నిజానికి అది కోపం కాదు, భయం. స్టేజీ లేకపోతే నేనెవరినో నాకే తెలియదు.

చివరికి సిగ్గు విడిచి, సంచి పిడి ఊడిందని వంక పెట్టుకుని నేనే కుట్టుగదికి వెళ్ళాను. వదిన మిషను ఆపింది. కనబడితే చాలు ఎత్తిపొడిచే మనిషి, ఆ రోజు మెత్తగా మాట్లాడింది. మీ ఇంటికే వద్దామనుకుంటున్నా, ఇలా నిలబడు అంది.

టేపు నా భుజం మీద పడింది. నాకు ఏడుపొచ్చేసింది. మెడ కొలిచింది, భుజాలు కొలిచింది, చెయ్యి మోచేతి దాకా కొలిచింది, ఛాతీ కొలిచింది. అక్కడితో టేపు చుట్టేసింది. ప్రతి ఏడూ పాదాల దాకా వంగి, నీ పొడుగు తగలెయ్య, నా నడుం విరుగుతోంది అని విసుక్కునేది. ఈసారి వంగనే లేదు.

"వదినా, పొడుగు?"

"అక్కర్లేదు," అంటూ ఆవిడ గుండుసూదులు నోట్లో పెట్టుకుంది. చెప్పలేని మాట ఏదైనా ఉంటే అదే ఆవిడ పద్ధతి.

నేను వదల్లేదు. సూదుల సందుల్లోంచే ఒక్కొక్క ముక్కా చెప్పింది. నాటకం మొదలయ్యేసరికే తల్లి పోయిందట. గోడ మీద పటంలో ఉంటుందట. పిల్లలంతా ఆ పటం వంక చూస్తూ పోట్లాడుకుంటారట. దానికి ఫొటో తియ్యాలి, కాబట్టి ఛాతీ దాకా కుడితే చాలు. ఎవరి ఫొటో అయినా పెట్టొచ్చు, నీ మీద గౌరవంతోనే నీదే కావాలన్నాడు దర్శకుడు అంది వదిన.

ముందు నవ్వొచ్చింది. ఆ తరువాత సంగతి బుర్రకెక్కింది. బతికుండగానే నన్ను గోడెక్కించి, దానికి గౌరవమని పేరు పెట్టారు.

తిట్లన్నీ మూటగట్టుకుని దర్శకుడి గదికి వెళ్ళాను. బల్ల మీద అట్టతో చేసిన ఇంటి నమూనా ఉంది. నట్టింట గోడకు గోరంత పటం. దాన్ని చూశాక ఆ మూట విప్పబుద్ధి కాలేదు.

"ఇది మూడంకాలూ ఉంటుందా?"

ఉంటుందక్కా అన్నాడు. చివర్లో దీపాలన్నీ ఆరిపోయి, వెలుగు దాని ఒక్కదాని మీదే ఉంటుందట. ఇన్నేళ్ళలో ఆఖరి వెలుగు నా ఒక్కదాని మీద ఏనాడూ పడలేదు.

"అయితే ఫొటో వద్దు. అక్కడ గోడకు కన్నం పెట్టించు. వెనకాల నేనుంటాను."

వాడు నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. మూడంకాలు కదలకుండా ఎలా, రెప్పలు ఎలా, మోకాలు ఎలా అన్నాడు. జనం వేరేవైపు చూస్తున్నప్పుడు రెప్ప వేస్తానన్నాను. వెనక స్టూలు వేయించు, పటంలో మనిషి కూర్చుందో నిలబడిందో ఎవడడుగుతాడన్నాను. మాటల్లేకపోయినా సరే, బోర్డు మీద పేరు వెయ్యకపోయినా సరే అన్నాను. దేబిరిస్తున్న నా గొంతు నాకే వినబడుతోంది. అయినా ఆపలేకపోయాను. వాడి చేతులు కూడా పట్టుకున్నాను.

"అది నువ్వని ఒక్కరికీ తెలీదక్కా. ఫొటో అనే అనుకుంటారు. మరి ఎవరి కోసం ఇదంతా?"

"తెర లేచినప్పుడు లోపలున్నానని నాకు తెలుస్తుందిరా. నాకది చాలు."

వాడు చేతులు విడిపించుకుని ఆ అట్ట ఇంటి వంకే చూస్తూ కూర్చున్నాడు. అయిపోయింది, ఇక ఇంటికి పోవడమే అనుకుని వెనక్కి తిరిగాను.

గుమ్మంలో వదిన ఉంది, నా వెనకే వచ్చి అంతా విన్నట్టుంది. నోట్లోంచి సూదులు తీసి ఒక్కొక్కటే మణికట్టుకు కట్టుకున్న చిన్న దూది దిండుకు గుచ్చింది. నిలబడమని సైగ చేసి, టేపు నా భుజం మీద వేసి, మెల్లగా కిందికి వంగింది.

"కాళ్ళు ఎవరికీ కనబడవు కదా," అన్నాడు దర్శకుడు నెమ్మదిగా.

వదిన వాడి మాట పట్టించుకోలేదు. టేపు నా పాదం దగ్గర నొక్కి పట్టుకుని, కొలత పైకి చదివి, రాసుకోమంది. వాడు అట్ట ఇంటిని పక్కకు జరిపి పెన్సిలు వెతుక్కున్నాడు.

"నీ పొడుగు తగలెయ్య, నా నడుం విరుగుతోంది," అంది వదిన.