పక్క కిటికీ

...వేళ్ళు కనిపించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. నాన్న ఆ రోజు చేతికి జింకతోలు తొడుగు వేసుకున్నాడు. బొటనవేలు తప్ప మిగతా వేళ్ళన్నీ ఒకే సంచిలో ముడుచుకుని ఉండే రకం. దాన్ని పైకెత్తి "అదిగో అమ్మ" అన్నాడు. అంత లావు తొడుగుతో చూపిస్తే ఒక్క కిటికీ ఎలా తెలుస్తుంది? పక్కపక్కనున్న రెండు మూడు కిటికీలు దాని కిందికి వచ్చాయి. ఆరేళ్ళ పిల్ల వాటిలో ఒకటి ఎంచుకుంది. ఏది ఎంచుకున్నావని ఎవరూ అడగలేదు. ఎందుకు అడుగుతారు...

"అమ్మమ్మా, వింటున్నావా? ఎర్ర చుక్క వెలిగింది. మొదలుపెట్టు."

హెల్మి ఉలిక్కిపడింది. టేబుల్ మీద చక్కెర గిన్నెకు ఆనించిన ఫోను ఆమె వంకే చూస్తోంది. హెల్మి కూతురి కూతురు టెస్సా, అమ్మమ్మ జీవితాన్ని అమ్మమ్మ గొంతులోనే పట్టుకుపోవాలని మంచులో కారు నడుపుకుంటూ డులూత్ నుంచి వచ్చింది. జూన్‌లో చుట్టాలంతా కలిసేనాటికి అందరికీ పంచుతుందట. చదువు, పెళ్ళి, రాగి గని మూతపడ్డ రోజులు, అన్నీ అయిపోయాయి. అందరికీ ఇష్టమైన కిటికీ కథ మాత్రం కావాలనే చివరికి ఉంచింది.

"దానికి తొందరేమిటే?" అంది ఎదురుగా కూర్చున్న సైమా, యాలకుల రొట్టె కాఫీలో ముంచుతూ. "గొంతు సవరించుకోనీ. ప్రసంగానికి ముందు మన పాస్టరుగారిని చూడలేదూ?"

"నువ్వు నోరు మూసుకుంటే మొదలుపెడతానక్కా."

"మూసుకునే ఉన్నాను. నోట్లో రొట్టె కనబడటంలేదా?"

హెల్మి మొదలుపెట్టింది. "నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మకు క్షయ వచ్చింది. కొండ మీది ఆసుపత్రిలో పెట్టారు. పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆదివారం చర్చి అయ్యాక నాన్న మమ్మల్ని తీసుకెళ్ళి, ఆసుపత్రి ముందు మంచులో నిలబెట్టేవాడు..."

మాటలు వాటంతటవే నడిచిపోతున్నాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో వాటికే తెలుసు. ఎన్ని క్రిస్మస్ విందుల్లో చెప్పిందో! వింటున్న పిల్లల కళ్ళలో నీళ్ళు తిరిగే చోటు కూడా ఆమెకు ముందే తెలుసు. అయితే ఇవాళ తన పక్కనే ఇంకెవరో కూర్చుని ఈ కథ చెబుతున్నట్టూ, ఆ మనిషిని తాను నమ్మనట్టూ ఉంది.

వీధిలో మంచు తీసే బండి రోడ్డును గీరుకుంటూ వచ్చింది. గ్లాసులు గలగలలాడాయి.

"అయ్యో, మొత్తం అదే వినిపిస్తుంది," అంది టెస్సా, రికార్డింగు ఆపి. "మళ్ళీ మొదటినుంచి చెప్పాలి."

హెల్మికి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలోంచి లేచి, అక్కర్లేకపోయినా పొయ్యి తుడిచింది. కర్టెన్ పక్కకు జరిపి, మళ్ళీ మూసింది.

ఆనాడు తాను ఎంచుకున్న కిటికీలోని మనిషి రెండు అరచేతులూ అద్దానికి ఆనించేది. ఆకుపచ్చ శాలువా కప్పుకునేది. మొదటి ఆదివారం హెల్మి చెయ్యి ఊపగానే వెనక్కి తిరిగి చూసింది, ఎవరికోసమో అన్నట్టు. తనకోసమే అని అర్థమయ్యాక రెండు చేతులూ ఊపింది. పై ఆదివారం నారింజపండు తెచ్చి, నెత్తిమీద నిలబెట్టబోయి జారవిడిచింది. ఇంకో ఆదివారం మేజోడు చేతికి తొడుక్కుని దానితో నోరు ఆడించింది. ఇంట్లో ఎప్పుడూ నవ్వని అమ్మ, జబ్బుపడ్డాక ఎంత బాగుందో అనుకుంది హెల్మి. మేడ ఎత్తుకు ముఖం సరిగా తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదేమో. ఆరేళ్ళ పిల్లకు అవసరమైన అమ్మ దొరికింది, అంతే.

చలి ఇంకా విరగకముందే ఒక ఆదివారం ఆ కిటికీ ఖాళీగా ఉంది. హెల్మి మంచులో పడి దొర్లింది, గొంతు పోయేలా ఏడ్చింది. నాన్న ఎత్తుకుని, కారు దాకా మోసుకెళ్ళి, అందరికీ చెప్పాడు: ఈ పిల్లకు తల్లంటే ప్రాణం. అప్పటినుంచి ఆ పేరు ఆమెకే. ఏడవకుండా నిలబడిన సైమాను గుండె గట్టిదన్నారు.

ఆ తరువాత అమ్మ ఇంటికొచ్చింది. కారులోంచి అమ్మ దిగాక కూడా హెల్మి కారు వైపే చూస్తూ నిలబడింది, ఇంకెవరో దిగాలన్నట్టు.

"కూర్చోవే. తుడిచిందే తుడుస్తున్నావు," అంది సైమా.

కూర్చుంది. మళ్ళీ క్షయ, మళ్ళీ మంచు. "అమ్మ ఆకుపచ్చ శాలువా కప్పుకుని కిటికీ దగ్గరికి..."

"అమ్మకు ఆకుపచ్చ శాలువా ఎక్కడిదే? బూడిదరంగు స్వెటర్. చచ్చేదాకా అదొక్కటే."

టెస్సా పకపకా నవ్వింది. "వచ్చేసింది శాలువా గొడవ! ఇది లేకపోతే మామయ్యలు డబ్బింగ్ అనుకుంటారు. కానీండి, కానీండి, రికార్డవుతోంది."

హెల్మి నవ్వలేకపోయింది. నిజం చెబితే? ఆ మాట ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో, ప్రతిసారీ ఒకటే దృశ్యం అడ్డుపడేది: పక్క కిటికీలో, బూడిదరంగు స్వెటర్‌లో అమ్మ. పైనుంచి చూస్తే కింద పిల్ల ముఖం ఎటు తిరిగి ఉందో స్పష్టంగా తెలుస్తుంది. చలికాలమంతా తన కూతురు ఇంకో కిటికీ చూసి గంతులేస్తుంటే అమ్మ అక్కడ నిలబడి చూసిందా? చూసీ ఏమీ అనలేదా? నిజం చెబితే అమ్మ ఆ అద్దం వెనక ఒంటరిదైపోతుంది. చెప్పకపోతే ఆ శాలువా మనిషి ఎక్కడా ఉండదు. ఆమె పేరు ఎవరికీ తెలియదు, ఆమె కోసం ఎవరైనా వచ్చేవాళ్ళో లేదో తెలియదు. ఆ నారింజపండును చూసినవాళ్ళలో ఈ భూమ్మీద మిగిలింది హెల్మి ఒక్కతే. జూన్‌లో ఈ గొంతు అందరి ఇళ్ళకూ చేరాక, చనిపోయిన ఆ మనిషి చేతులు రెండూ అమ్మ చేతులైపోతాయి. ఇక ఎవరూ వాటిని విడదీయలేరు.

ఇద్దరిలో ఒకరిని తుడిచెయ్యాలి. ఏ ఒక్కరినీ తుడవడానికి చెయ్యి రావటంలేదు.

"ఆగిపోయావేం అమ్మమ్మా? 'అమ్మ చెయ్యి ఊపింది', తరువాత?"

"తరువాత ఇది ఏడ్చింది," అంది సైమా. "అందరికీ అదే కావాలి. నేను ఎలా నిలబడ్డానో ఎవడిక్కావాలి?"

"పెద్దమ్మమ్మా, మళ్ళీనా!"

"మళ్ళీనే. రికార్డవుతోందన్నావుగా, అవనీ. బూట్లలోకి మంచు దిగిపోయేది. అయినా అమ్మ మీదనుంచి కన్ను తిప్పలేదు నేను. చెయ్యి పడిపోయేదాకా ఊపేదాన్ని. అమ్మ కూర్చునేదాకా దించేదాన్ని కాదు. అమ్మ కూడా నన్నే చూసేది." సైమా రొట్టె ముక్క పళ్ళెంలో పడేసింది. "ఏడవలేదుట. ఏడిస్తే కళ్ళు మసకేస్తాయిగా. అమ్మ కనబడొద్దూ?"

టెస్సా ఫోను ఆపడానికి చెయ్యి చాపి, ఆపకుండా వెనక్కి తీసుకుంది.

హెల్మి అక్క ముఖం చూసింది. ముసలి ముఖం, మూతి చివర రొట్టె పొడి. ఇన్నేళ్ళూ ఆ మంచులో తనను తాను తప్ప ఇంకెవరినీ చూడలేదు. తాను చూడని కిటికీని ఎవరూ చూడలేదనే అనుకుంది. అమ్మ ఒక్క ఆదివారం కూడా ఒంటరిగా లేదు. పక్కనే, చెయ్యి పడిపోయేదాకా ఊపుతూ, ఈ గయ్యాళి ఉంది.

"అక్కా."

"ఏమిటి? నేను శాలువా ఒప్పుకోను."

"ఒప్పుకోవద్దు. స్వెటరే. ముందు నువ్వు చెప్పు, అమ్మ కిటికీ నీకే తెలుసు. నేను చూసింది దాని పక్కది. అందులో వేరే ఆవిడ ఉండేది. నీ తరువాత నేను చెబుతాను."

సైమా ముందుకు వంగింది. "వేరే ఆవిడా?"

హెల్మి కాఫీ కప్పులు పక్కకు జరిపి, చక్కెర గిన్నెతో సహా ఫోనును అక్క ముందుకు నెట్టింది.