మూగవోయిన ఓరుగంటి కథ

గ్రీష్మాంతమున ప్రచండభానుకిరణసంతప్తంబులైన ఓరుగంటి శిలాతోరణములు అపరాహ్ణవేళ తామ్రవర్ణమును దాల్చి గతవైభవమును దలంచి నిట్టూర్చుచున్నవో యన వేడిగాలులు వీచుచుండ, కోటకు ననతిదూరమున నొక పెంకుటింటి చావడిలో మందాకిని యను స్త్రీ ఫోనును చెవియొద్ద నుంచుకొని నిశ్చలయై కూర్చుండియుండెను.

నేత్రవ్యాధిచే చూపు గోల్పోయి శోకసాగరమున మునిగియున్న యామెకు కాలక్షేపార్థమై కొన్ని నెలలకు మున్ను సోదరుడు సోమన్న ఫోనున పూర్వచరిత్రకథల ధ్వనిముద్రణలను వినిపింప నారంభించెను. బాల్యమున బడిలో చరిత్రయన్న రాజుల పేర్లను వల్లించుటయే యని విసిగిన యామె, హనుమకొండవాసియగు పరాంకుశముగారను వృద్ధుని గంభీరమధురకంఠమున ముట్టడినాటి కోటగోడపై నిలిచిన భటులకు జలమును మోసిన తల్లులను గూర్చియు, కంట బడిన రాతిపొడిని తుడుచుకొనుచు హంసలను చెక్కిన శిల్పులను గూర్చియు విని, తాను నలువదేండ్లు బట్టలారవేసికొనిన రాళ్లు ఎవ్వరివో యప్పుడెఱింగి వెక్కివెక్కి యేడ్చెను. నాటినుండి యా కథలే యామెకు ప్రాణములయ్యెను.

కథ కోటద్వారభంగమునకు వచ్చిన పిమ్మట నా కంఠమున క్రొత్త కథ మఱి రాదయ్యె. బహుదినములు నిరీక్షించి తాళజాలక యామె యతని యిల్లు విచారించి సోదరుని వెంటబెట్టుకొని హనుమకొండ కేగెను. వృద్ధుని కూతురు వేదవతి తలుపు తీసి, "నాన్నకు గొంతుల పుండు లేచిందమ్మా. ఆపరేషన్ జేసి గొంతుపెట్టె తీసేసిండ్రు. ఇగ మాట రాదు" అని చెప్పెను.

చెప్పవలసినవానికి వాక్కు లేదు. చూడవలసినదానికి చూపు లేదు. లోపల మంచముపై నున్న యతడు పలకపై వ్రాసినదానిని కూతురు చదివెను: "కోటను చూసినవా బిడ్డా?"

"కండ్లున్నప్పుడు చూడలే సారూ. దాని పక్కపొంటే రోజూ నడిచిన. ఇప్పుడు చూడాల్నని ఉంది, కండ్లే లేవు."

మఱునాటి యుదయమున రోగకృశుడయ్యు నతడు కూతురి భుజమూతగా కోటకు వచ్చి మందాకిని హస్తమును బట్టి నేలగూలిన హంసల ముక్కులను, విఱిగిన యేనుగు తొండమును, లతలను, మకరములను ఒక్కొక్కటిగా తడిమించెను. "తలుపు పగిలినంక మనోళ్లు ఏమైండ్రు సారూ?" అని యామె యడుగ నతడు నోరు దెఱచెను. శస్త్రచికిత్సచే కంఠమున నేర్పడిన రంధ్రమునుండి వెచ్చని యూపిరి మాత్రము వెడలెను. అంత నతడామె యఱచేతిని ముఖము చితికిపోయిన యొక శిలాప్రతిమపై నుంచి తన చేతితో నదిమిపట్టెను.

శ్రావణమాసమున నతడు పరమపదించెను. కర్మాంతరము ముగిసిన పిదప వేదవతి యొంటరిగా మందాకినియింటికి వచ్చి చావడిలో కూలబడి, "బతికున్నన్నాళ్లు నీ కథలు వింటే వంటకు ఆలస్యమైతుందని తిట్టిన్నే గని నాన్న చెప్పిన కథ ఒక్కటన్న వినలే అక్కా" అని విలపించెను. మందాకిని యామెను తన చెంతకు దీసికొని ఫోను నామె చేతికిచ్చి, "మొదటి కథ పెట్టు చెల్లె" అనెను.

మృతుని కంఠము చావడిలో మ్రోగెను. కన్నులున్నంతకాలము కోటను గాననిదియు, తండ్రియున్నంతకాలము వాని పలుకు విననిదియు నొకరి చేయి నొకరు పట్టుకొని ప్రొద్దు గ్రుంకువఱకు కదలక వినుచుండిరి. వెలుపల సన్నని వాన పడుచుండెను.