అరవై డిగ్రీల భయం

నేను ఒక చిన్న కవాటాన్ని. నిమ్మకాయంత ఉంటాను. ఇత్తడి ఒళ్ళు, ఒక స్ప్రింగు, మధ్యలో చిన్న గొట్టం, ఆ గొట్టం నిండా మైనం. థర్మోస్టాట్ అని నా పేరు. ఇంజన్ తల దగ్గర, నీళ్ళు బయటికి పోయే దారిలో నన్ను బిగిస్తారు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ నోరు మూసుకుని ఉంటాను. వేడి అరవై డిగ్రీలకు చేరితే నాలో మైనం కరిగి ఉబ్బుతుంది. అప్పుడు నోరు తెరుస్తాను. వేడినీళ్ళు బయటికి పోతాయి, సముద్రపు చల్లనీళ్ళు లోపలికి వస్తాయి. మరీ చల్లబడితే మళ్ళీ మూసుకుంటాను. చెప్పడానికి ఇంతే. కానీ ఆ రెండింటి మధ్య నేను భయపడని క్షణం లేదు. నా ఉద్యోగమే భయపడటం. మరీ ముందు భయపడకూడదు, మరీ ఆలస్యంగానూ భయపడకూడదు.

పుట్టిన చోటే ఈ పాఠం నేర్చుకున్నాను. కర్మాగారంలో మా వరుసనంతటినీ వేడినీళ్ళ తొట్టిలో ముంచారు. నా పక్కనే తయారైనది కాస్త ఆలస్యంగా తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసి చెత్తడబ్బాలో వేసింది. మా ఇద్దరినీ ఒకే అచ్చులో పోశారు. అది పోతూ చేసిన ఆ ఖణేల్‌మన్న చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

నా మొదటి యజమాని విశాఖలో రొయ్యల మేత వ్యాపారి. పందేలకని నాలుగు వందల గుర్రాల బలం ఉన్న పడవ కొన్నాడు. ముక్కు నీళ్ళకు తగలకుండా పోయేది. ఇంజన్ ఆన్ చేసీచేయగానే హ్యాండిలు చివరిదాకా నొక్కేవాడు. ఇంజన్ ఇంకా వెచ్చబడనే లేదని నేను నోరు బిగించుకుని వణికేదాన్ని. ఆయన రోజుకు వందసార్లు ఫోను చూసుకునేవాడు, వేడి చూపించే ముల్లు వైపు ఒక్కసారీ చూసేవాడు కాదు. మనుషులు తమకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటారు, తమను మోసేవాటికి మాత్రం పెట్టరు. రెండేళ్ళకు మోజు తీరి పడవ అమ్మేశాడు.

కొన్నది భీమిలికి ఉత్తరాన ఉన్న ఒక పాలెం మత్స్యకారుల సంఘం. సముద్రంలో చిక్కుకున్న తెప్పల దగ్గరికి వేగంగా పోవడానికి వాళ్ళకొక పడవ కావాలి. నడిపేవాడు మైలపల్లి దానయ్య. అతను ఇంజన్ ఆన్ చేశాక చుట్ట ముట్టించుకుని, అది సగం కాలేదాకా కదిలేవాడు కాదు. ఆ తర్వాత ఇంజన్ తల మీద అరచెయ్యి ఆనించేవాడు. వెచ్చగా తగిలితేనే బయలుదేరేవాడు. మొదటిసారి ఆ చెయ్యి నా పైన ఆగినప్పుడు, ఇక నాకు భయం ఉండదేమో అనుకున్నాను.

అతని భార్య అప్పలనరస రోజూ గంజి గిన్నె ఇవ్వడానికి ఒడ్డుకు వచ్చేది. పడవ కదలకముందే వెనక్కి తిరిగి ఇంటికి నడిచిపోయేది. పోయేవాళ్ళ వీపు చూడకూడదట. వాళ్ళ నాన్న పోయిన రోజు తను చిన్నపిల్ల, తెరచాప కనుమరుగయ్యేదాకా నిలబడి చూసిందట. ఆయన తిరిగి రాలేదు. అప్పటినుంచీ చూడదు.

కార్తీకంలో ఒకరోజు ముల్లు ఎర్రగీత దాటింది. నేను నోరంతా తెరిచే ఉన్నాను, కానీ లోపలికి చాలినన్ని నీళ్ళు రావడంలేదు. ఒడ్డు మీంచి పడవ దింపినప్పుడల్లా నీళ్ళు పీల్చే అడుగు గొట్టం ఇసుకనూ పీల్చేది. దాని నోటికున్న జల్లెడలో ఇసుక, తెగిన వల పోగులు పేరుకున్నాయి. నాకు తెలుసు. చెప్పడానికి నోరుంది గానీ మాట లేదు.

మరబోట్ల మేస్త్రీ సూరన్న వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా లారీకైనా బోటుకైనా ఆయనది ఒకటే వైద్యం.

"ఈ అడ్డం తీసీత్తే ఇంజను సల్లగుంటాది దానయ్యా. నీళ్ళకి తలుపెందుకు?"

"కంపెనీవోడు ఊరికే పెడతాడా అన్నా?"

"కంపెనీవోడు ఏటకెల్లాడా, నానెల్లానా?"

నన్ను ఊడదీసి పాలడబ్బాలో పడేశాడు. నేను లేని దారిలో ఆ కొద్దిపాటి నీళ్ళే ఆగకుండా పారాయి, ముల్లు కిందికి దిగి అక్కడే కూర్చుంది. చూసినవాళ్ళంతా సంతోషించారు. చల్లగా ఉంది, చల్లగా ఉంది అన్నారు. వేడెక్కకపోవడం కూడా జబ్బేనని ఎవరికీ తోచలేదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు పూర్తిగా కాలదు. కాలనిది నూనెలోకి జారి దాన్ని పలుచన చేస్తుంది. పలుచని నూనెతో నాలుగు వందల గుర్రాలు పరిగెత్తితే ఇనుమును ఇనుమే తింటుంది.

దానయ్యకు మాత్రం మనసొప్పలేదు. ఇంజన్లోంచి వచ్చినదాన్ని పారేయడం అతనికి రాదు. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాడు.

ఆ కిటికీలో పదహారు రోజులు ఉన్నాను. సాయంత్రాలు అతని మాటలు వినేదాన్ని. "పడవ ఏగం ఎత్తుకోట్లేదే. నూనె ఏలికి రాసుకుంటే పెట్రోలు కంపు." ఒక్కో మాటకూ నాలో మైనం గడ్డకట్టుకుపోయేది. పడవ దగ్గర లేనప్పటి భయం ఎంత పెద్దదో అప్పుడే తెలిసింది. దగ్గరుంటే ఏదో చేస్తాం. దూరంగా ఉంటే ఊహిస్తాం.

పదహారో రోజు మధ్యాహ్నం అప్పలనరస నన్ను చేతిలోకి తీసుకుంది. జిడ్డు వదిలించి దేవుడి దగ్గర అగరవత్తులు గుచ్చుకుందామనుకుంది. పొయ్యిమీద వార్చిన గంజి పొగలు కక్కుతోంది. అందులో వేసింది. నేను ఆగలేకపోయాను, తెరుచుకున్నాను. ఆమె ఉలిక్కిపడి గరిటెతో తీసింది. గాలి తగిలి మూసుకున్నాను. మళ్ళీ ముంచింది. మళ్ళీ తెరిచాను.

"మావా, ఇది సావనేదు. ఏడి తగిలితే నోరు తెరుత్తంది. దీనిమీద తప్పెట్టి తీసీసినారు. తప్పు ఇంకెక్కడో ఉంది."

దానయ్య తనూ ముంచి చూశాడు. మూడోసారికి చుట్ట నోట్లోంచి తీసేశాడు. అంతలో బయట కేకలు వినబడ్డాయి. వాయుగుండం అనుకున్నదానికంటే ముందే తిరిగిందట. ఒక తెప్ప ఇంజన్ ఆగిపోయి సముద్రం లోపలికి కొట్టుకుపోతోందట. అందులో ముగ్గురు. ఒకడు ఎల్లాజీ, అప్పలనరస తమ్ముడు.

ఆమె నన్ను కొంగున ముడేసుకుని ఒడ్డుకు పరిగెత్తింది. పడవను అప్పటికే నీళ్ళవైపు తోస్తున్నారు.

"ఆపండి," అంది. "ఇది బిగించి ఎల్లండి. ఆ నూనె మార్సండి. నీళ్ళు పీల్సే కాడ ఏటి అడ్డుందో సూడండి."

"గంజిలో ఏసి సూసిందట, మేస్త్రీ అయిపోనాది," అన్నాడు సూరన్న. కొందరు నవ్వారు.

"నీకేటి పిచ్చా నరసా? అరగంట పడతాది," అన్నాడు సంఘం పెద్ద. "అక్కడున్నది నీ తమ్ముడే."

"నా తమ్ముడని నాకు తెల్దా? దారిలో ఇది ఆగిపోతే ఆడూ రాడు, ఈయనా రాడు. అరగంట నాను ఓర్సుకుంటాను. మీరు ఓర్సుకోండి."

ఆమె కొంగు ముడిలో నేను ఉన్నాను. ఆమె గుండె ఎలా కొట్టుకుంటోందో నాకొక్కదానికే తెలుసు. దానయ్య రెంచీ అందుకుని నన్ను నా చోట బిగించాడు. జల్లెడ విప్పితే పిడికెడు ఇసుక, పచ్చటి వల ముక్క రాలాయి. సూరన్న వాటివైపు చూశాడు. పాత నూనె వదిలేసి, కొత్త నూనె డబ్బా తెచ్చి తనే పోశాడు.

ఆ రోజు చుట్ట లేదు. అయినా దానయ్య చెయ్యి ఇంజన్ మీద ఆనించి, వెచ్చబడేదాకా ఉన్నాడు. తర్వాత బయలుదేరాం.

అలలు మేడలంత లేచాయి. పడవ గాలిలోకి ఎగిరినప్పుడల్లా గొట్టంలోకి నీళ్ళకు బదులు గాలి వచ్చేది. వేడి ఒక్కసారిగా అరవై, డెబ్బై, డెబ్బై అయిదు. నేను నోరంతా తెరిచి ఎదురుచూసేదాన్ని. దబ్బున నీళ్ళలో పడగానే చల్లటి ధార తాకేది, బిగుసుకునేదాన్ని. మళ్ళీ ఎగిరేది. దానయ్య ముల్లును చూస్తూ హ్యాండిలు తగ్గించాడు, పెంచాడు. ఒక తీగ ముల్లు, అతని కన్ను, నా మైనం, ఈ మూడింటి మీదే ఆ ఇంజన్ ప్రాణం నిలబడింది. పోయేటప్పుడు గంటన్నర, వెతకడానికి గంట, వచ్చేటప్పుడు రెండు. వచ్చేటప్పుడు పడవలో నలుగురి బరువుంది. ఎల్లాజీ చలికి గడగడ వణుకుతూ ఇంజన్ మూతను కౌగలించుకుని కూర్చున్నాడు. నా వేడి అతనికి కొంచెం చేరి ఉంటుంది.

ఆ తర్వాత పాలెంలో ఒక ఆచారం పుట్టింది. ఏటా వేసవి వేట నిషేధం ముగిసి పడవలు దిగేముందు అప్పలనరస గంజి కాస్తుంది. ఇంజన్లో ఉండే కవాటాన్ని తెచ్చి అందులో ముంచుతారు. అది నోరు తెరిచేదాకా సూరన్న పక్కన కూర్చుని లెక్కపెడతాడు. నాలుగేళ్ళు నేను నెగ్గాను. అయిదో ఏడు ఉప్పు నా స్ప్రింగును తినేసింది. ఆయన ఇరవైదాకా లెక్కపెట్టాక గానీ తెరవలేకపోయాను.

"ముసల్దైపోనాది," అన్నాడు మెల్లగా. "దీన్ని పంపకూడదు."

కొత్తది వచ్చింది. చెత్తడబ్బా చప్పుడు కోసం ఎదురుచూశాను. అప్పలనరస నన్ను మళ్ళీ కిటికీలో పెట్టింది.

ఇప్పుడు నా పని ఒకటే. దానయ్య సముద్రంలో ఉండగా గాలి మారితే, ఆమె పొయ్యి మీది గంజిలో నన్ను వేస్తుంది. నేను తెరుచుకుంటే అక్కడ ఇంజన్‌లో ఉన్నదీ తెరుచుకున్నట్టేనని ఆమె లెక్క. అది నిజం కాదని ఆమెకూ తెలుసు. మనుషులు తెలిసీ నమ్ముతారు.

ఇవాళ పొద్దున్నుంచీ తూర్పుగాలి. దానయ్య రావలసిన వేళ దాటింది. ఆమె నన్ను ముంచి, కుండ మీదికి వంగింది. లెక్క పది దాటింది, ఇరవై దాటింది. నా మైనం కదలనంటోంది. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. ముప్పై. వెంట్రుకవాసి సందు ఏర్పడింది, ఒక్క బుడగ పైకి వచ్చింది.

ఆమె ఊపిరి వదిలింది. నేనింకా వదల్లేదు. ఒడ్డు వైపు చెవి పెట్టి వింటున్నాను.