నల్లమూతి గొర్రె మీది సిగ్నలు

రోజూ పొద్దున పదిన్నరకు సవిత గొర్రెను వెతుక్కుంటూ బయలుదేరుతుంది. బలసముద్రంలో ఫోన్‌కు సిగ్నలు ఉండేది వాళ్ల తాత ముత్యాలప్ప మందలోని నల్లమూతి గొర్రె దగ్గర మాత్రమే. అది ఊరి పక్క సోలార్ పార్కు కంచె వెంట మేస్తే అక్కడ, వంకలోకి దిగితే వంకలో. ఊళ్లో ఎవరికి ఫోన్ పని పడినా "నల్లమూతిది యాడుండాదప్పా?" అని అడిగి పోవడమే.

పావగడలో ఒక డిగ్రీ కాలేజీలో సవితకు కామర్స్ చెప్పే నేత్రావతి మేడమ్‌కు కూడా ఈ సంగతి తెలుసు. సగం పాఠాలు క్లాసులో, సగం ఫోన్‌లో చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చాక ఆమె పాఠాలను మూడుసార్లు మార్చింది. ముప్పావుగంట వీడియో పెడితే గొర్రె అంతసేపు ఒకచోట నిలవదు. పది నిమిషాలకు కుదించింది. చివరికి నడుస్తూ వినడానికి వీలుగా తన గొంతు మాత్రమే రికార్డు చేసి పెట్టింది. అయితే టెస్టు ఆమె చేతిలో లేదు. పదకొండు నుంచి పదకొండున్నర లోపల, కెమెరాకు మొహం చూపించి రాయాలి. "గొర్రె మేతవేళలు చూసి టైము పెట్టండి సార్" అని మీటింగులో మొత్తుకుంది. శ్రద్ధగా రాసుకున్నారు, టైము మాత్రం మార్చలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సవితకు అప్పటికే రెండు టెస్టులు పోయాయి. మూడోది కూడా పోతే హాల్‌టికెట్ రాదు. అమ్మ వెంట సోలార్ ప్లేట్లు కడగడానికి పోవాల్సిందే.

మూడో టెస్టు రోజు దొడ్లోకి పోయి చూస్తే నల్లమూతి బోడిగా నిలబడి ఉంది. ఫోన్‌లో ఒక్క గీత లేదు.

"తాతా! ఈ పొద్దే కత్తిరించల్లా దీన్ని?"

"ఎండలు ముదిరినాయి కదమ్మా. దాని పానం ఉడుకుతాంది."

"మరి ఉన్ని యాడ?"

"మంగళవాడ బోరయ్య మూటగట్టుకోని పోయినాడు. గొంగళ్లు నేసేటోనికి ఇయ్యక ఏం జేసేది?"

సవితకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఊరినుంచి అంత కరెంటు బయటికి పోతుంది, ఊళ్లోకి ఒక్క గీత రాదు. వచ్చిన గీత కూడా మూటలో పోయింది! పక్కింటివాళ్ల బండి వెనకెక్కి మంగళవాడలో దిగేసరికి పదకొండూ పది.

"బోరయ్య మామా, టెస్టుండాది!"

"రామ్మా. గాలికి ఎగురుతాది, ఆ మూలకు కూర్చో" అన్నాడు బోరయ్య, ఉన్ని దులుపుతూనే.

ఉన్ని కుప్పలో నడుం దాకా మునిగి కూర్చుంటే నాలుగు గీతలు వచ్చాయి. కెమెరా క్లిక్‌మంది. తుమ్ముతూ, కళ్లు నలుపుకుంటూ ఇరవై ప్రశ్నలు రాసింది. అన్నీ అయ్యాక ఇంకొకటి వచ్చింది: 'ఈ విధానం మీకు సౌకర్యంగా ఉందా? అవును, చాలా అవును.' ఎంచుకోడానికి వేరే జవాబే లేదు. పళ్లు కొరుక్కుంటూ 'అవును' నొక్కింది. పదకొండూ ఇరవై తొమ్మిది.

వారానికి హాల్‌టికెట్ వచ్చింది. దానిమీద అచ్చయింది ఆరోజు కెమెరా తీసిన ఫోటోనే. జుట్టంతా, కనుబొమల మీదంతా ఉన్ని.

"ఇది చెల్లదు. మంచి ఫోటో తేపో, వచ్చే సారి చూద్దాం" అన్నాడు కాలేజీ ఆఫీసులో సీలు వేసే గుమాస్తా వెంకటరామప్ప.

నేత్రావతి మేడమ్ ఆ కాగితం ఆయన చేతిలోంచి లాక్కుంది. "ఈయమ్మి టెస్టు యాడ కూర్చోని రాసినాదో దీంట్లోనే కనిపిస్తాంది. ఇంతకంటే హాజరు ఏం కావల్లప్పా మీకు?"

ఫోటో మీద సగం పడేలా సంతకం పెట్టి, సీలు తనే టేబులు అదిరేలా కొట్టి సవిత చేతికిచ్చింది.

"పో, రాసుకోపో."